మూతపడని డాంపర్ల పక్కన ఫిల్టర్లు మార్చమంటున్నారు: ఆసుపత్రుల యాజమాన్యాలకు, అధికారులకు బహిరంగ లేఖ

ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల ఆసుపత్రుల యాజమాన్యాలకు, ఆసుపత్రి భవనాలు కట్టించి బిల్లులు పాస్ చేసే ఇంజినీర్లకు, వైద్య ఆరోగ్య శాఖ జిల్లా అధికారులకు,

విషయం: ఐసొలేషన్ గదుల గాలిని వడకట్టి బయటికి పంపే ఎగ్జాస్ట్‌లలో ఐసొలేషన్ డాంపర్ల (డక్టులో, అంటే గాలి గొట్టంలో, గాలిని పూర్తిగా ఆపే మూతల) బిగింపు, నిర్వహణ గురించి.

నమస్కారం.

మేము విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల్లో ఏసీ, డక్టింగ్, ఫిల్టర్ల పనులు ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) మీద చేసే టెక్నీషియన్లం. అందరి తరఫున ఈ ఉత్తరం నేను రాస్తున్నాను. పేర్లు పెట్టడం లేదు. పెడితే వచ్చే నెల మా కాంట్రాక్టు ఉండదు, ఆ సంగతి మీకూ తెలుసు. ఇందులో రాసింది నిజమో కాదో తేల్చుకోవడానికి మా పేర్లతో పనిలేదు. మీ ఇంజినీరును ఒకసారి టెర్రస్ ఎక్కి చూసి రమ్మంటే చాలు.

ముందు జరిగింది చెబుతాను. మా ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో టీబీ రోగుల ఐసొలేషన్ గదుల గాలిని వడకట్టే హెపా ఫిల్టర్ మార్చే పని గత వేసవిలో మాకు వచ్చింది. అక్కడ రెండు ఫిల్టర్ పెట్టెలు, రెండు బ్లోయర్లు ఉన్నాయి. ఒకటి నడుస్తుంటే రెండోది స్టాండ్‌బై. పైన చిమ్నీ మాత్రం రెండింటికీ ఒకటే. నడుస్తున్న దాన్ని ఆపి, స్టాండ్‌బై వేసి, ఆపిన పెట్టెకు ముందూ వెనకా ఉన్న డాంపర్ల హ్యాండిళ్లు మూసే వైపు తిప్పి, మా హెల్పర్లు దుమ్ము బయట పడకుండా పెట్టె నోటికి సంచి తొడిగి, పాత ఫిల్టర్‌ను అందులోకి లాగడం మొదలుపెట్టారు. సంచి ఉబ్బడం మొదలైంది. పక్క బ్లోయర్ చిమ్నీలోకి తోస్తున్న గాలి, మూశామనుకున్న డాంపర్ సందుల్లోంచి వెనక్కి వచ్చి, పాత ఫిల్టర్‌ను ఎదురు దిశలో దాటుకుని సంచిలోకి చేరుతోంది. బ్లోయర్ ఆపమని కేకేసేలోపే సంచి అతుకు దగ్గర చిరిగింది. నెలల తరబడి ఫిల్టర్‌కు పట్టిన దుమ్ము ఇద్దరు కుర్రాళ్ల ముఖాల మీద పడింది.

తర్వాత అటువైపు డక్టు విప్పి చూశాం. అక్కడ ఉన్నది ఐసొలేషన్ డాంపరే కాదు. మామూలు ఏసీ డక్టుల్లో ఏ గదికి ఎంత గాలి వెళ్లాలో సరిచేయడానికి పెట్టే వీసీడీ (వాల్యూమ్ కంట్రోల్ డాంపర్). పూర్తిగా మూసినా అల్యూమినియం బ్లేడ్ల మధ్య నుంచి వెలుతురు కనిపిస్తోంది.

ఆ ఇద్దరికీ ఇప్పటిదాకా ఏమీ కాలేదు. సంతోషమే. కానీ అదృష్టాన్ని నమ్ముకుని ఏఎంసీ రాసుకోలేం కదా.

ఆసుపత్రికి రాతపూర్వకంగా చెప్పాం. హ్యాండోవర్ ఎప్పుడో అయిపోయింది, కాంట్రాక్టరు బాధ్యత ఉండే గడువు కూడా దాటింది అన్నారు. కాంట్రాక్టరును అడిగితే, బీఓక్యూలో (టెండరులో ఏ వస్తువు ఎంత కావాలో రాసే జాబితాలో) ఉన్నదే ఇచ్చానన్నాడు. బీఓక్యూ తెప్పించి చూస్తే ఆయన మాటా అబద్ధం కాదు. ‘డాంపర్లు, సైటు అవసరాన్ని బట్టి’ అని ఒకే ఒక్క లైను ఉంది. పై కార్యాలయంలో అర్జీ పెట్టాం, రసీదు ఇచ్చారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టుంది వ్యవహారం. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాం.

ఇది ఆ ఒక్క ఆసుపత్రి సంగతే అయితే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. 2020, 2021లో కోవిడ్ ముంచుకొచ్చినప్పుడు చాలాచోట్ల వార్డులను హడావిడిగా ఐసొలేషన్ వార్డులుగా మార్చారు. అప్పటి అవసరం అలాంటిది, ఆ తొందరను తప్పుపట్టడం లేదు. ఆ డక్టులే ఇప్పుడు టీబీ రోగులకూ, ఇతర అంటువ్యాధుల రోగులకూ వాడుతున్నారు. అప్పుడు దొరికింది దొరికినట్టు బిగించినవి ఐదేళ్లు ఎండకు ఎండి, వానకు తడిసి, ఇప్పుడు ఫిల్టర్ మార్పుకు వస్తున్నాయి. ఇవాళ మేము ఎక్కుతున్న టెర్రస్‌లు అవే.

ఈ పని తెలియని వారికోసం కొంచెం వివరంగా చెప్పాలి. టీబీ రోగి దగ్గినప్పుడు వచ్చే తుంపరల్లోని తేమ ఆరిపోయి, 1 నుంచి 5 మైక్రాన్ల కణాలు మిగులుతాయి. అవి గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి. అందుకే అలాంటి రోగుల గదిలో గాలిని గంటకు 12 సార్లు మార్చాలంటారు. గాలి ద్వారా సోకే జబ్బుల నియంత్రణకు 2010లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఈ అంకె ఉంది. గది ఒత్తిడి వరండా ఒత్తిడి కంటే తక్కువ ఉండాలి, అప్పుడే వరండా గాలి గదిలోకి వెళ్తుంది గానీ గది గాలి వరండాలోకి రాదు. ఆ తేడా కనీసం 2.5 పాస్కల్స్ ఉండాలని అమెరికా ప్రమాణం, మన దగ్గరా ఇంజినీర్లు దాన్నే పట్టుకుంటారు. 2.5 పాస్కల్స్ అంటే చాలా చిన్న తేడా. తలుపు కింద టిష్యూ ముక్క పెడితే లోపలికి లాగుతుంది, అంతే. అంత సన్నని తేడా కాబట్టే పైన డక్టులో కాస్త లీకున్నా కింద గదిలో లెక్క తప్పుతుంది.

అలా గదిలోంచి లాగిన గాలిని జనం తిరగని చోట, ఎత్తులో, ఆరుబయట వదలగలిగితే ఫిల్టర్ కూడా అక్కర్లేదు. కానీ మన ఊళ్లలో అంత చోటెక్కడుంది? విజయవాడ సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ ఆసుపత్రులు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒకరి చిమ్నీ పక్కవారి కిటికీ ఎత్తులో ఉంటుంది, ఇంకొకరి ఏసీకి బయటిగాలి లాగే జాలీ పక్కనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ హెపా ఫిల్టర్ తప్పదు. 0.3 మైక్రాన్ల కణాలను కూడా అది 99.97 శాతం ఆపుతుంది.

ఫిల్టర్ అన్నాక ఎప్పటికైనా మూసుకుపోతుంది. గేజ్‌లో ఒత్తిడి తేడా పెరిగి, బ్లోయర్ లాగలేని స్థితికి వస్తుంది. అప్పుడు పెట్టె తెరిచి మార్చాలి. తెరిచే ముందు ఆ పెట్టెను ఇటు గది వైపు నుంచీ, అటు బ్లోయర్ వైపు నుంచీ పూర్తిగా విడదీయాలి. ఆ విడదీసే పని చేసేదే ఐసొలేషన్ డాంపర్. ఫిల్టర్ రోజూ పనిచేస్తుంది, డాంపర్‌కు మాత్రం ఏడాదికి ఒకటో రెండో రోజులే పని. అందుకే టెండరు వేసేటప్పుడు, బిల్లు చూసేటప్పుడు, ఇన్‌స్పెక్షన్‌లో ఎవరికీ అది గుర్తుకు రాదు.

అసలు ఐసొలేషన్ డాంపర్ ఎలా ఉంటుందంటే: వెల్డింగ్ చేసిన గట్టి బాడీ, లోపల ఎక్కువగా ఒకే బ్లేడు, బ్లేడు చుట్టూ లేదా అది ఆనే అంచు చుట్టూ రబ్బరు గాస్కెట్, షాఫ్ట్ బాడీలోంచి బయటికొచ్చే చోట సీలు. బబుల్ టైట్ అనే రకానికి పరీక్ష కూడా సులువే. బ్లేడు మూసి ఒకవైపు గాలి ఒత్తిడి పెట్టి, రెండోవైపు సబ్బునీళ్లు పూస్తే ఒక్క బుడగ కూడా రాకూడదు. వీసీడీ అందుకోసం పుట్టింది కాదు. అది గాలిని తగ్గిస్తుంది, ఆపదు. వీసీడీని మూసి ఐసొలేట్ చేశామనడం కాలువ లాకు దగ్గర తడిక అడ్డం పెట్టి నీళ్లు ఆగాయనడమే.

ఫైర్ డాంపర్ ఇంకో రకం. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ సెంటర్‌గా నడుస్తున్న హోటల్లో మంటలు లేచి పది మంది చనిపోయాక, ఫైర్ ఎన్‌వోసీ ఉందా అని అందరూ అడగడం మొదలుపెట్టారు. అడగాల్సిందే. దాంతో కొన్నిచోట్ల డాంపర్ చూపించమంటే ఫైర్ డాంపర్ చూపిస్తున్నారు. అది దాదాపు 72 డిగ్రీల వేడికి లింకు కరిగి మూసుకునే సాధనం, మంట డక్టులోంచి పాకకుండా ఉండటానికి. ఫిల్టర్ మార్చే రోజు దాంతో మాకు ఒరిగేదేమీ లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ప్రతి ఐసొలేషన్ గదికీ అణు కేంద్రాల్లో, ప్రమాదకరమైన క్రిములతో పనిచేసే ల్యాబుల్లో వాడే బబుల్ టైట్ డాంపరే కావాలని మేము అనడం లేదు. ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. మూసిన బ్లేడు ఎంత లీకవ్వచ్చో చెప్పే యూరప్ ప్రమాణం ఈఎన్ 1751లో తరగతులు ఉన్నాయి, వాటిలో 4వది అన్నిటికన్నా బిగువు. ఒకే గది, ఒకే బ్లోయర్, విడి చిమ్నీ ఉండి, గది ఖాళీ చేసి బ్లోయర్ ఆపి ఫిల్టర్ మార్చే చోట మంచి తరగతి డాంపర్ సరిపోతుంది. కానీ రెండు బ్లోయర్లు ఒకే డక్టుకు, ఒకే చిమ్నీకి కలిసినచోట, రోగులు లోపల ఉండగానే ఫిల్టర్ మార్చాల్సినచోట, పెట్టెలోకి క్రిమిసంహారక ఆవిరి పంపాల్సినచోట బబుల్ టైట్ తప్ప వేరే దారి లేదు. ఆవిరి అంటే ఫార్మాల్డిహైడ్ గానీ హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ తెచ్చే పదార్థమని తేలి చాలా ఏళ్లైంది. డాంపర్ సందుల్లోంచి అది వార్డులోకి దిగితే ఏమవుతుందో డాక్టర్లకు మేము చెప్పనక్కర్లేదు.

ఇక బిగింపు. మంచి డాంపర్ కొన్నచోట కూడా సగం కథ ఇక్కడే చెడుతోంది. డక్టు రెండు ముక్కలు ఒక వరసలో రాకపోతే ఫ్లాంజ్ (ముక్కలను కలిపే అంచు పట్టీ) బోల్టులు బలవంతంగా బిగించి లాగుతారు. బాడీ కొన్ని మిల్లీమీటర్లు మెలితిరుగుతుంది. బ్లేడు ఒకవైపు రాసుకుంటుంది, ఇంకోవైపు సందు ఉంటుంది. మొదటిసారి మూసినప్పుడే రబ్బరు కోసుకుపోతుంది. బోల్టులు బిగించాక బ్లేడును చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడటం ఐదు నిమిషాల పని. ఎవరూ చూడరు. డక్టుకు విడిగా సపోర్టు ఇవ్వకుండా బరువంతా డాంపర్ మీద మోపినా ఇదే గతి. బాడీ మీద గాలి దిశకు బాణం గుర్తు ఉంటుంది. చాలా డాంపర్లు ఒక వైపు ఒత్తిడికే బాగా బిగుస్తాయి, దాన్ని తిరగేసి పెట్టిన సైట్లు చూశాం. డాంపర్‌ను ఫిల్టర్ పెట్టెకు ఆనుకుని పెట్టాలి. మధ్యలో పొడవాటి డక్టు వదిలితే ఆ ముక్క కూడా పెట్టెలో భాగమే అవుతుంది, దాన్నీ శుభ్రం చేయాలి. ఆ ముక్కకు టేపు, సిలికాన్ పూసి అతికించిన జాయింట్లు పనికిరావు, వెల్డింగ్ కావాలి. ఆవిరి పంపడానికి, ఒత్తిడి పెట్టి చూడటానికి రెండు డాంపర్ల మధ్య చిన్న పోర్టులు ఉండాలి. అవి లేకపోతే డాంపర్ ఎంత మంచిదైనా అది మూసుకుందో లేదో తేల్చే మార్గం ఉండదు.

ఇంకా చిత్రం, హ్యాండిల్ తిరగని డాంపర్లు. పిట్టగోడకు ఆనించి పెట్టినవి, కేబుల్ ట్రే కింద ఇరికించినవి, ఫాల్స్ సీలింగ్ పైన మనిషి దూరని చోట ఉన్నవి. బొమ్మ గీసినవారు ఒక్కసారైనా స్పానర్ పట్టుకుని అక్కడ నిలబడి చూడాల్సింది. బయట నుంచి చూస్తే బ్లేడు తెరిచి ఉందో మూసి ఉందో తెలిసే గుర్తు కూడా చాలావాటికి లేదు. షాఫ్ట్ చివర బ్లేడు వాలును బట్టి గీత కొట్టి ఉండాలి. పెయింటరు వచ్చి ఆ గీత మీద రంగు వేసి పోతాడు.

మోటారుతో తిరిగే డాంపర్లయితే కరెంటు సంగతి కూడా చూడాలి. మన దగ్గర కరెంటు పోవడం కొత్త కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు పోయి బ్లోయర్ ఆగినప్పుడు డాంపర్ స్ప్రింగుతో తనంతట తాను మూసుకోకపోతే, టెర్రస్ మీది గాలి వాటానికి, కింద బాత్రూం ఎగ్జాస్ట్‌లు లాగే లాగుడుకు, డక్టులో గాలి వెనక్కి తిరిగి ఫిల్టర్ మీది దుమ్ముతో సహా రోగి గదిలోకి దిగుతుంది. జనరేటర్ అందుకున్నాక డాంపర్ పూర్తిగా తెరుచుకుందని లిమిట్ స్విచ్ చెప్పాకే బ్లోయర్ తిరగాలి. మూసి ఉన్న డాంపర్ మీద బ్లోయర్ తిరిగితే పల్చటి డక్టు లోపలికి నొక్కుకుపోతుంది. ఈ ఇంటర్‌లాక్‌కు వైరు లాగి, ప్యానెల్లో కలపకుండా వదిలేసినవి ఉన్నాయి.

నిర్వహణ గురించి చెప్పుకుంటే, ఏళ్ల తరబడి తెరిచే ఉన్న డాంపర్ అవసరమైన రోజు మూసుకోదు. షాఫ్ట్ పట్టేస్తుంది, రబ్బరు అంచుకు అతుక్కుపోతుంది. మన వేసవిలో 45 డిగ్రీల ఎండలో టెర్రస్ మీది రేకు ఇంకెంత కాలుతుందో చెయ్యి పెట్టినవాడికి తెలుసు. ఆ వేడికి గాస్కెట్ గట్టిపడి పగుళ్లిస్తుంది. ఇంకో పొరపాటు తెలియక జరుగుతోంది. పట్టేసిన షాఫ్ట్‌కూ, రబ్బరుకూ చేతికందిన బండి గ్రీజు పూస్తారు. చాలా డాంపర్ల గాస్కెట్ ఈపీడీఎం రబ్బరు. పెట్రోలియం గ్రీజు తగిలితే అది ఉబ్బి మెత్తబడిపోతుంది. దానికి సిలికాన్ గ్రీజే వాడాలి. కోవిడ్ రోజుల్లో కనపడిన ప్రతిదాని మీదా హైపోక్లోరైట్ కొట్టారు, అది స్టెయిన్‌లెస్ స్టీలును కూడా తింటుంది. అప్పటి మచ్చలు బ్లేడ్ల మీద ఇప్పటికీ ఉన్నాయి.

ఇదంతా టెక్నీషియన్ల గొడవ అనుకోకండి. దీని ఫలితం ఎవరి మీద పడుతోందో చూడండి.

1. మొదట పడేది హెల్పర్ మీద. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే, రోజు కూలికి పనిచేసే పాతికేళ్ల లోపు కుర్రాళ్లు వీళ్లు. చాలామందికి ఈఎస్ఐ లేదు. ఎన్95 ఇవ్వకపోతే జేబురుమాలు కట్టుకుని పెట్టె తెరుస్తారు. ఫిల్టర్‌లో చిక్కిన క్రిమి చాలావరకు అక్కడే ఉంటుంది, రోజులు గడిస్తే చచ్చిపోతుంది కూడా. లేని భయం పెట్టడం మా ఉద్దేశం కాదు. కానీ నిన్నటిదాకా నడిచిన ఫిల్టర్‌ను ఇవాళ విప్పుతారు, నిన్నటి క్రిమి ఇంకా బతికే ఉండొచ్చు. బూజు బీజాలైతే ఇంకా చాలాకాలం ఉంటాయి. టీబీ సోకినా అది బయటపడేది నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత. అప్పటికి ఆ కుర్రాడు ఇంకో కాంట్రాక్టరు దగ్గర ఉంటాడు. ఆ రోజు టెర్రస్ మీద జరిగిందానికీ ఈ దగ్గుకూ సంబంధం ఉందని ఎవరు రాస్తారు? మామూలు టీబీకే ఆరు నెలల మందులు. అందులో మొదటి వారాలు పనికి పోలేడు, ఇంట్లో పసిపిల్లలుంటే వాళ్లకూ పరీక్షలు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, పోషకాహారానికి నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తోంది. పోయిన కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు.

2. వరండాలో పడుకునే రోగి బంధువులు. పల్నాడు నుంచో, నందిగామ వైపు నుంచో రోగిని తీసుకొచ్చి, గది బయటే చాప పరుచుకుని వారాల తరబడి ఉండేవాళ్లు. పైన డాంపర్ లీకై గాలి లాగుడు తగ్గితే ముందు గాలి మళ్లేది వాళ్ల వైపే. గది తలుపు మీద ‘నెగటివ్ ప్రెషర్’ అని బోర్డు ఉంటుంది, గేజ్ సున్నా దగ్గర ఆగి ఉంటుంది. అది ఏం చెబుతోందో వాళ్లకెలా తెలుస్తుంది?

3. నర్సులు, వార్డు బాయ్‌లు, పారిశుద్ధ్య కార్మికులు. ఒక్క రోజు కాదు, ప్రతి షిఫ్టూ ఆ గాలిలోనే.

4. అదే అంతస్తులో ఉండే డయాలసిస్, క్యాన్సర్ రోగులు. ఒంట్లో రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లకు మనకు ఏమీ చేయని బూజు కూడా ఊపిరితిత్తుల్లో పడితే ప్రాణం మీదికొస్తుంది.

5. డాంపర్‌ను నమ్మలేని చోట ఒక్క ఫిల్టర్ కోసం మొత్తం ఎగ్జాస్ట్ ఆపాలి, గదులన్నీ ఖాళీ చేయాలి. ఆ రోజు ఆ రోగులను ఎక్కడ పెడుతున్నారు? మామూలు వార్డులో. లేదంటే తర్వాత చూద్దాంలే అని ఫిల్టర్ మార్పే వాయిదా వేస్తారు. ఇలా వాయిదా పడి పూర్తిగా మూసుకుపోయిన ఫిల్టర్లు మా చేతుల మీదుగా చాలా వచ్చాయి.

ఇంకోటి కూడా ఉంది, విప్పిన పాత ఫిల్టర్. దానికున్న అల్యూమినియం ఫ్రేమ్ కోసం పాత ఇనుము సామాన్ల వాళ్లు కొంటారు. సంచితో సహా బయోమెడికల్ వ్యర్థంగా పసుపు సంచిలో పోవాల్సింది, గోనె సంచిలో ఆటో ఎక్కి పోతుంది. డాంపర్ల సంగతి కాదు గానీ, ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా ఎవరూ రాయరని రాశాను.

మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న నేల ఒకప్పుడు టీబీ శానిటోరియం. ఊరికి దూరంగా, కొండగాలి వచ్చేచోట రోగులను ఉంచేవారు, అప్పట్లో అదే వైద్యం, అదే జాగ్రత్త. ఇప్పుడు ఊరి నడిబొడ్డున, ఏసీ భవనాల్లో వైద్యం చేస్తున్నాం. దూరం చేసే పనిని ఇప్పుడు డక్టు, ఫిల్టర్, డాంపర్ చేయాలి. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు, ఈ గదులు ఇప్పట్లో ఖాళీ అయ్యేవి కావు.

కాబట్టి మేము అడుగుతున్నవి ఇవి.

1. రెండు జిల్లాల్లో ఐసొలేషన్ గదులు, టీబీ వార్డులు, క్రిములతో పనిచేసే ల్యాబులు ఉన్న ప్రతి ఆసుపత్రీ, ప్రైవేటైనా ప్రభుత్వమైనా, తన ఎగ్జాస్ట్‌లలో ఎక్కడెక్కడ ఏ రకం డాంపర్ ఉందో జాబితా తయారు చేయాలి. వీసీడీ ఉంటే వీసీడీ అనే రాయాలి. ఆ జాబితా జిల్లా అధికారులకు చేరాలి, ఒక కాపీ ప్లాంట్ రూమ్ గోడకు ఉండాలి.

2. ఫిల్టర్ పెట్టెకు ముందో వెనకో వీసీడీ ఉన్నచోట దాన్ని మార్చేదాకా, రోగులు గదిలో ఉండగా ఫిల్టర్ మార్చమని ఎవరినీ పంపకూడదు. రెండు బ్లోయర్లూ ఆపాలి, గదులు ఖాళీ చేయాలి. ఇబ్బందే, ఒప్పుకుంటాం. ఆ ఇబ్బంది యాజమాన్యం పడాలి గానీ హెల్పర్ కాదు.

3. కొత్త టెండర్లలో ‘సైటు అవసరాన్ని బట్టి’ అనే మాట తీసేయాలి. డాంపర్ రకం, మూసినప్పుడు లీకేజీ తరగతి, గాస్కెట్ రబ్బరు, బ్లేడు, బాడీల లోహం, కరెంటు పోతే తెరుచుకోవాలా మూసుకోవాలా, టెస్ట్ పోర్టులు, ఇవన్నీ విడిగా రాసి, విడిగా రేటు అడగాలి. తక్కువ రేటు కోట్ చేసినవాడికే పని ఇస్తారు, అది మారదు. కనీసం అందరూ ఒకే వస్తువుకు రేటు వేస్తారు.

4. హ్యాండోవర్ రోజున ఫ్యాక్టరీ సర్టిఫికెట్ ఒక్కటి చూసి సంతకం పెట్టకండి. బిగించాక అదే చోట, రెండు డాంపర్లూ మూసి, మధ్యలో ఒత్తిడి పెట్టి, ఎంతసేపట్లో ఎంత పడిపోయిందో రాయించండి. ఆ కాగితం లేకుండా చివరి బిల్లు పాస్ చేయవద్దని ఇంజినీర్లను ప్రత్యేకంగా కోరుతున్నాం. ఆసుపత్రులకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ వాళ్లు వస్తున్నారంటే ఆపరేషన్ థియేటర్ల గాలి పరీక్షల రిపోర్టులన్నీ సిద్ధంగా పెడతారు, ఆ శ్రద్ధలో కొంచెం ఇటు కూడా పెట్టండి.

5. కనీసం ఆరు నెలలకోసారి ప్రతి డాంపర్‌నూ పూర్తిగా తెరిచి, మూసి చూడాలి. గాస్కెట్, షాఫ్ట్ సీలు, లిమిట్ స్విచ్, స్ప్రింగు, బ్లోయర్‌తో ఇంటర్‌లాక్ తూతూమంత్రంగా టిక్కులు పెట్టకుండా చూసి రాయాలి. ఏఎంసీలో ఈ పనికి గంటలూ, రబ్బరుకూ సిలికాన్ గ్రీజుకూ డబ్బూ విడిగా చూపించాలి. ఇప్పుడున్న ఏఎంసీల్లో ‘ఫిల్టర్ క్లీనింగ్’ తప్ప డాంపర్ ఊసే లేదు.

6. పెట్టె తెరిచే ప్రతి మనిషికీ ఎన్95, కళ్లద్దాలు, గ్లోవ్స్, గౌను ఆసుపత్రే ఇవ్వాలి. బ్లోయర్ స్విచ్‌కు తాళం వేసి, తాళం చెవి పని చేసేవాడి జేబులో ఉండాలి. సంచి చిరిగినా, దుమ్ము మీద పడినా లాగ్‌బుక్కులో రాసి, ఆ మనిషికి అప్పుడూ కొన్ని నెలల తర్వాత మళ్లీ టీబీ పరీక్ష ఆసుపత్రి ఖర్చుతోనే చేయించాలి. మొన్నటి ఘటనను లాగ్‌బుక్కులో రాయవద్దని మాతో అన్నారు. అది మళ్లీ జరగకూడదు.

7. పైన చెప్పిన ఆసుపత్రిలో ఆ రెండు డాంపర్లూ ఇంకా అక్కడే ఉన్నాయి. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు, అవి ముందు మార్పించండి. ఏ ఆసుపత్రో, ఏ వార్డో మా అర్జీలో వివరంగా ఉంది. రసీదు ఇచ్చిన కార్యాలయంలో వెతికితే దొరుకుతుంది.

డబ్బు లేదంటారేమో. మంచి ఐసొలేషన్ డాంపర్ ధర వీసీడీ కంటే చాలా ఎక్కువే, కాదనం. కానీ అన్నీ ఒకేసారి మార్చమనడం లేదు. ముందు ఒకే చిమ్నీకి రెండు బ్లోయర్లు కలిసినవి మార్చండి, తర్వాత టీబీ వార్డులు, తర్వాత మిగతావి. మరమ్మతు ఖర్చు లేకుండానే చేయగలిగినవీ ఉన్నాయి: పట్టేసిన షాఫ్ట్ వదిలించడం, తిరగేసి పెట్టిన డాంపర్‌ను సరిగా పెట్టడం, ఇంటర్‌లాక్ వైరు కలపడం, హ్యాండిల్ తిరిగేలా కేబుల్ ట్రే కాస్త జరపడం. ఇవి రేపే మొదలుపెట్టవచ్చు.

మీ దగ్గర డాంపర్ మూసుకుంటోందో లేదో తెలియకపోతే మమ్మల్ని పిలవండి. చిన్న బ్లోయర్, గేజ్, సబ్బునీళ్లు మేమే తెచ్చుకుంటాం, చూసినందుకు బిల్లు వేయం. మీ ఏఎంసీ సూపర్‌వైజరుకు ఒక మాట చెబితే కబురు మాకు అందుతుంది. టెర్రస్ తాళం చెవి సెక్యూరిటీ దగ్గర ఉంచండి.

ఇట్లు,
ఆసుపత్రుల్లో ఫిల్టర్, డక్టింగ్ పనులు చేసే టెక్నీషియన్ల తరఫున,
ఒక ఏసీ టెక్నీషియన్,
విజయవాడ